మేనత్త దింపిన జోడీ

నా చిన్నప్పుడు మా నాన్న వరంగల్ మార్కెట్లో హమాలీ. మేము ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. తెల్లవారకముందే నాన్న తాలీంకు పోయి కసరత్తు చేసి, అటునుంచి అటే పనికి వెళ్ళేవాడు. ఇప్పుడు జిమ్ముల్లో కెటిల్‌బెల్ అని, పిడి ఉన్న ఇనుపగుండును కాళ్ళ మధ్య నుంచి పైకి ఊపుతారు కదా, తాలీంలో దానికి పెద్దన్న లాంటిది ఒకటి ఉండేది. నడుమ తొలిచి పిడి పెట్టిన రాతిగుండు. నాల్ అనేవారు. నాన్న దాన్ని ఒంటిచేత్తో భుజం మీదికి తెచ్చేవాడు. అయినా ఆయన ప్రాణమంతా జోడీ మీదే. రెండు చేతుల్లో చెరొకటి పట్టుకుని, భుజాల వెనక నుంచి గుండ్రంగా తిప్పే బరువైన కర్రగదల జత అది. టేకుతో చేయించుకుని, ఇంటి అటక మీద దాచుకునేవాడు. ఆయన చేతుల బలం మీదే మా ఇల్లు నిలబడి ఉందని ఎవరూ చెప్పకపోయినా నాకు తెలుసు.

నాకు పదేళ్ళప్పుడు మార్కెట్లో మిర్చి బస్తాల వరుస కూలి నాన్న కుడిభుజం మీద పడింది. దవాఖానలో ఎముక సరిచేసి కట్టు కట్టారు. కట్టు విప్పిన రోజు, చేతిని కొద్దికొద్దిగా కదిలిస్తూ ఉండమనీ లేకపోతే బిగుసుకుపోతుందనీ చెప్పి పంపారు. ఇంటికొచ్చి ఒకసారి లేపబోయాడు. చెయ్యి ఛాతీ దాకా కూడా రాలేదు, గజగజ వణికింది. ఆ వణుకు నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశాడు. మళ్ళీ ప్రయత్నించలేదు.

తర్వాత తిండి తగ్గింది, మాట తగ్గింది. తాలీం దోస్తులు వచ్చి "ఫికర్ చెయ్యకురా, అంత మంచిగైతది" అన్నప్పుడల్లా కళ్ళు మూసుకునేవాడు. అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి కుదిరింది. పనికి పోయే ముందు ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ మూటగట్టి పక్కింటి అక్క దగ్గర పెట్టి వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. "బడికి పోకు బిడ్డా. నాయినను ఒక్కన్ని ఇడిసిపెట్టకు. నేనొచ్చేదాంక కనిపెట్టుకోని ఉండు" అని నా తల నిమిరింది.

ఒకటికి పోవాలన్నా బిగబట్టుకుని కూర్చునేదాన్ని. పడుకున్న నాన్న మీది దుప్పటి పైకీ కిందికీ కదులుతోందా అని చూడటమే నా పని. కాసేపు కదలకపోతే నా ఊపిరి కూడా ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆయన లేచి, చొక్కా కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. నేను చెప్పుల్లేకుండా వెంటపడ్డాను. కోటలో పాడుబడ్డ దిగుడుబావి గట్టు మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు. పోయి పక్కన కూర్చుని, ఆయన పంచె అంచును నా మణికట్టుకు చుట్టి ముడేసుకున్నాను. ఆయన చాలాసేపు ఆ ముడినే చూసి, "ఇంటికి పో" అన్నాడు.

"నువ్వొస్తెనే పోత."

ఎండ వాలాక లేచాడు.

రాగానే అమ్మకు చెప్పాను. ఆమె ఏడవలేదు. వర్ధన్నపేట దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్తకు కబురు పంపింది. మేనత్త అంటే నాన్నకు సొంత అక్క, తల్లి పోయాక ఆయనను పెంచింది ఆమే. మరునాడు పొద్దున బస్సుకే దిగింది. తమ్ముణ్ణి పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. దుమ్ము పట్టిన జోడీని దింపింది. నన్ను వాకిట్లోకి పిలిచి, లోపలికి వినబడేటట్టు గట్టిగా అంది: "ఇయ్యాల్టిసంది నువ్వు తిప్పాలె బిడ్డా. ఈ ఇంట్ల బలమున్నోళ్ళు ఒక్కలన్న ఉండాలె గద!"

"ఆడిపిల్లకు అదెందుకే అక్కా?" అని లోపలి నుంచి నాన్న గొంతు. బావి గట్టు మీద అన్న ఆ ఒక్క ముక్క తప్పితే, ఎన్నో రోజుల తర్వాత ఆయన తనంతట తాను పలికిన మాట అది.

"నీకెందుకు? నువ్వు పండుకో" అంది మేనత్త.

ఒక్క గదను రెండు చేతులతో లేపడమే నాకు గగనమైంది. ఆమె నా పక్కనే నిలబడి, తల మీదుగా వెనక్కి విడువమంటోంది. నేను దాన్ని తిప్పగలిగితేనే నాన్న బతుకుతాడన్న పిచ్చి ఆలోచన ఒకటి నన్ను పట్టుకుంది. కళ్ళు మూసుకుని విసిరాను. బరువు నన్ను వెనక్కి లాగింది. తూలాను. గద నా నెత్తి మీదికే దిగుతోంది.

"అట్ల గాదే!"

నాన్న ఎప్పుడు గడప దాటాడో తెలియదు. రెండు చేతులతో గదను అందుకున్నాడు. కుడిచెయ్యి భుజం ఎత్తు దాకా లేచింది. ఆ నొప్పికి ఆయన పెట్టిన కేక విని పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. నాన్న అక్కడే కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"పొల్లను సంపుతవా అక్కా?"

"మరి నువ్వు నేర్పు. నాకేమెరుక?" అంది మేనత్త. ఆమె మాట గట్టిగానే ఉంది కానీ రెండు చేతులూ ఇంకా నా నడుము పట్టుకునే ఉన్నాయి.

జోడీ నాకు బరువని, నాన్న పక్కింటి అక్క వాళ్ళ పాత ఇస్త్రీపెట్టె అడిగి తెప్పించాడు. బొగ్గులు లేని ఆ ఇనుపపెట్టెను పిడి పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపడం నా మొదటి పాఠం. "చేతులతోని గాదు, నడుముతోని ఊపాలె" అనేవాడు. నాకు అర్థమయ్యేది కాదు. అప్పుడు తానే ఎడమచేత్తో ఊపి చూపేవాడు, తర్వాత కుడిచేత్తో, పళ్ళు బిగించి. అంతటితో కష్టం తీరలేదు. కొన్ని రోజులు లేవనే లేచేవాడు కాదు. మేనత్త పొలం వదిలి మా దగ్గరే ఉండిపోయింది. అమ్మ ఆ తాళ్ళను చాలాకాలం ఇంటికి తేలేదు. కుడిచెయ్యి చివరికి చెవి దాకా లేచింది, అంతకు పైకి ఎన్నడూ పోలేదు. బస్తా మళ్ళీ ఎత్తలేదు. మార్కెట్లోనే కాంటా దగ్గర పని దొరికింది. నా పెళ్ళి చూశాడు, నా పిల్లలను ఎత్తుకున్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత మేనత్తను అడిగాను, ఆ రోజు గద నా మీద పడి ఉంటే ఏం చేసేదానివని. "నా తాన ఇంకో ఉపాయం లేకుండె బిడ్డా" అంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా చుట్టుపక్కల ఎవరైనా కుంగిపోయారని తెలిస్తే ధైర్యం చెప్పడానికి నాకు నోరు రాదు. నాకు చేతకాని పనేదో పట్టుకుని వాళ్ళ ఇంటికి పోతాను, జర చూపించమంటాను. కొందరు లేచి వస్తారు. కొందరు తలుపు తీయరు. తీయకపోతే అక్కడే మెట్ల మీద కూర్చుంటాను, లోపల మనిషి కదిలిన చప్పుడు వినబడేదాకా.