చెయ్యి అందేంత మేర

సోమవారం పొద్దున తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా ఫిట్టరు బాబాయి పోయారు. వెంటనే రేపల్లెలో మా రైస్ మిల్లు ఆపించాను. పక్క మిల్లు ఆసామి ఫోన్ చేసి, "ఫిట్టరు పోతే మిల్లు ఆపుతారాండీ ఎవరైనా?" అన్నాడు. నేను ఆపుతాను. బతికుండగా ఆయన నన్నడక్కుండానే ఆపేవారు.

నాన్న మంచాన పడి మిల్లు నా చేతికొచ్చిన ఏడాది, మిల్లులో ఊడ్చే మరియమ్మ కొంగు బెల్టులో పడింది. గాజులు పగిలాయి కానీ చెయ్యి దక్కింది. మిషన్లన్నిటికీ రక్షణ మూతలు పెట్టడానికి కంపెనీవాళ్ళు చెప్పిన ధర విని నాకు కళ్ళు తిరిగాయి. వచ్చే ఏడాది చూద్దామన్నాను. బాబాయి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు.

"ఏంటి బాబాయ్ ఇది? బయట లారీ ఆగుంది!"

"ఆగనివ్వమ్మా. వచ్చే ఏడాదిదాకా వీళ్ళని చేతులు ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

నాకు ఒళ్ళు మండింది. గట్టిగానే అరిచాను. ఆయన సుద్దముక్క తీసి, అందరికంటే పొడుగు హమాలీని ప్రతి మిషను దగ్గరా నిలబెట్టి చెయ్యి చాపమన్నారు. మరియమ్మని వంగి ఊడవమన్నారు. వాళ్ళ చేతులు ఎక్కడిదాకా వెళ్ళాయో అక్కడ గీత గీశారు. పైనున్న బెల్టులు నిచ్చెన వేస్తే తప్ప అందవు, నిచ్చెన వేసేది మిల్లు ఆగాకే. మూత వెంటనే కావలసింది మూడు చోట్ల.

"డబ్బు లేదని దేనికీ మానకమ్మా. ముందు చెయ్యి అందేచోట చేయించు," అన్నారు.

ఆ మూడూ పాత జల్లెడలతో, తుక్కు ఇనుముతో ఆయనే చేశారు. బోల్టులకు బదులు తలుపుల్లా తెరిచి మూసేలా బందులు పెట్టారు. "విప్పడానికి గంట పట్టే మూతని ఒక్కసారే విప్పుతారు. మళ్ళీ ఎవరూ బిగించరు." నేను ఇంజినీరింగు చదివాను. ఈ మాట ఏ క్లాసులోనూ వినలేదు.

కొత్తగా పనిలో చేరినవాళ్ళని ముందు చేతులు చాపమనేవారు. పదివేళ్ళూ చూసి, "సాయంత్రం ఇవన్నీ ఇంటికి పట్టుకెళ్ళాలి," అనేవారు. ఫిట్టరుని నెత్తికెక్కించుకున్నానని ఊళ్ళో అన్నారు. అవును, ఎక్కించుకున్నాను. ఆ రోజు అరిచినందుకు మాత్రం క్షమించమని ఒక్కసారీ అడగలేదు. అది నన్ను తొలుస్తూనే ఉంది.

నిన్న కొత్త ఫిట్టరు వచ్చాడు. బెల్టు సర్ది, మూత తెరిచే ఉంచి స్టార్టరు వైపు నడిచాడు. మరియమ్మ అడ్డం వెళ్ళి స్టార్టరు మీద అరచెయ్యి పెట్టింది.

"మూత వెయ్యి నాయనా."

"అయిదు నిమిషాలు తిప్పి చూడ్డానికేగా! ఓనరుగారికి లేని బాధ నీకేంటి?" అంటూ అతను నావైపు చూశాడు.

నేను వెళ్ళాను. ఆవిడ అయిదు వేళ్ళూ స్టార్టరు మీద పరుచుకుని ఉన్నాయి. వాటిమీద నా చెయ్యి వేశాను.