వెనక సీటు వూఫర్

ఖలీల్ ఆటోలో వెనక సీటుకు ఆనుకొని ఒక నల్ల డబ్బా ఉంటుంది. వూఫర్. నవీన్ మస్కట్ పోయే ముందు తన చేత్తో బిగించి పోయాడు.

అంతకు ముందు ఇద్దరూ కోరుట్లలో ఇళ్లకు రంగులు వేసేవారు. ఎవరో మెమొరీ కార్డులో ఎక్కించి ఇచ్చిన ఇంగ్లిష్ హిప్‌హాప్ వినేవారు. మాటలు తెలియవు. తెలియాలని కూడా అనుకోలేదు. గొంతులో కోపం ఉంటే చాలు, కింద దెబ్బ ఉంటే చాలు. నిచ్చెన మీద నవీన్ నోటికొచ్చినట్టు పాడేవాడు. కింద ఖలీల్ బకెట్ వాయించేవాడు. మేస్త్రీ ఇద్దరినీ తిట్టేవాడు.

తర్వాత ఖలీల్ కోరుట్ల నుంచి రుద్రంగికి ఆటో నడపడం మొదలుపెట్టాడు. పెళ్లయింది. బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ కహకషాన్ కాస్త పెద్దదై, ఒకరోజు ఆటోలో ఆ పాట విన్నది.

"అబ్బా, వీడు మస్తు తిడుతున్నడు."

"ఎవల్ని?"

"అందర్ని."

ఖలీల్ నవ్వాడు. సౌండు తగ్గించాడు.

పాట ఒక్కరోజులో మారలేదు. మొదట గట్టివి దాటేసేవాడు. తర్వాత ఫోన్‌లో ర్యాప్ పాడే హైదరాబాద్ పిల్లవాడొకడు దొరికాడు. దక్కనీ ఉర్దూలో, మాట్లాడుతున్నట్టే చెప్తాడు. స్టార్ట్ కాని స్కూటర్‌ను వాళ్ల నాన్న తోసుకుంటూ పోవడం గురించి ఒక పాట. అది వినడానికి వూఫర్ అక్కర్లేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది.

వూఫర్ మూగబోయింది. అయినా విప్పలేదు. దాన్ని బిగించింది నవీన్.

డబ్బా ఎందుకు మోగడం లేదని అడిగింది ఒక్క మొగిలవ్వే. రుద్రంగిలో బీడీలు చుడుతుంది. కోరుట్లలో బిడ్డ ఇంటికి వచ్చి పోతుంటుంది.

"కరాబైందా కొడుకా?"

"లేదవ్వా. నాకే మనసైతలేదు."

ఈసారి నవీన్ చాలా ఏళ్లకు సెలవు మీద వస్తున్నాడు. ఇన్నేళ్లూ ఫోన్‌లో ఒకటే మాట. ఏం సంగతి అని ఒకరు, అంతా మంచిదే అని ఒకరు. ఖలీల్‌కు లోపల భయంగా ఉంది. ఇద్దరినీ కలిపింది ఆ పాట. అది తనకిప్పుడు నచ్చదని తెలిస్తే, వాడితో మాట్లాడడానికి ఏం మిగులుతుంది?

అందుకని ఆ పాటలున్న పాత పెన్‌డ్రైవ్ వెతికి పెట్టాడు.

కోరుట్ల బస్టాండ్‌లో నవీన్ దిగాడు. ముందు వెంట్రుకలు పలచబడ్డాయి. ఆటోలో ముందు, ఖలీల్ పక్కన కూర్చున్నాడు. వెనక మొగిలవ్వ ఒక్కతే. ఖలీల్ సౌండు పూర్తిగా పెంచాడు.

"యాదికుందా బే?"

"యాదికుండదా!" అని నవీన్ అరిచాడు. తల ఊపాడు. ఖలీల్ కూడా ఊపాడు.

కథలాపూర్ దాటింది. ఇద్దరూ ఊపుతూనే ఉన్నారు. రోడ్డు పక్క మక్కజొన్న చేన్లు. ఒక గుంత దగ్గర ఆటో ఎగిరింది. ఖలీల్ చెయ్యి సౌండు మీటకు పోయింది. నవీన్ చెయ్యి అప్పటికే అక్కడుంది.

"పెంచుదామని" అన్నాడు నవీన్.

"ఇంకేం పెంచుతవ్? ఫుల్లున్నది."

నవీన్ చెయ్యి తీయలేదు. ఖలీల్ వాడి మొహం చూశాడు.

"తలకాయ నొస్తందా?"

"బస్టాండ్ కాడ్నుంచే నొస్తంది."

"మరి చెప్పకపోతివేంది బే?"

"నువ్వు గంత ముచ్చటపడి పెడితివి. ఎట్ల చెప్పాలె?"

"నీ కోసం పెట్టిన్రా. నేను గివి ఇనుడు బంద్ చేసి ఎన్నేండ్లాయె!"

నవీన్ పాట ఆపాడు. ఇంజన్ చప్పుడు వినిపించింది.

"మరిప్పుడేం ఇంటున్నవ్?" అన్నాడు ఖలీల్.

నవీన్ కాస్త సిగ్గుపడ్డాడు. "మా రూముల మలయాళపోడు చెప్పిండు. వాళ్లోడే, ర్యాప్ చెప్తడు. ఉల్లిగడ్డ కోస్తడు, కూరండుతడు, ఒక్కడే తింటడు. గంతే పాట."

"తిట్లు లేవా?"

"ఒక్కటి లేదు. ఉప్పు ఎక్కువైందంటడు."

ఖలీల్‌కు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది. "నాదాంట్ల స్కూటర్ తోస్తరు" అన్నాడు.

వెనక నుంచి మొగిలవ్వ సీటు మీద తట్టింది.

"ఏమైంది కొడుకా? డబ్బా మళ్ల సచ్చిందా?"

"ఆపినమవ్వా. తలకాయ నొస్తంది."

"మీకు తలకాయ, నాకు నడుము. పొద్దంత కూసొని బీడీలు చుట్టి పట్టుకపోయింది. గా డబ్బా ఈపుకు కొడ్తుంటే పానం లేసచ్చినట్టుండె. పెట్టుండ్రి."

నవీన్ మీటలు చూశాడు. ఏది దేనిదో వాడి చేతులకు ఇంకా గుర్తుంది. ముందున్న స్పీకర్లు ఆపాడు. పాట మళ్లీ పెట్టి, వూఫర్ మీట ఒక్కటే తిప్పాడు. మాటలు, తిట్లు అన్నీ పోయాయి. దెబ్బ మాత్రం మెత్తగా మొగిలవ్వ వీపు వెనక మోగింది. ఆమె కళ్లు మూసుకుంది.

నవీన్ తన ఫోన్‌లో ఉల్లిగడ్డ పాట పెట్టి, దాన్ని హ్యాండిల్ పక్కన నిలబెట్టాడు. ఇద్దరూ దాని వైపు వంగారు. ఉల్లిగడ్డ కోస్తున్న చోట నవీన్ మెల్లగా తెలుగులో చెప్పాడు. తర్వాత మస్కట్ రూములో తమ వంటగది గురించి చెప్పాడు. తర్వాత తన గురించి.

ఇద్దరూ దిగాల్సిన రుద్రంగి వచ్చింది. ఖలీల్ ఆటో పక్కకు ఆపాడు.

"ఇంకొకటున్నది" అన్నాడు నవీన్. "ఇని పో."

వాడు దిగలేదు. మొగిలవ్వ కూడా దిగలేదు.