సంపు పక్కన హాజరు పుస్తకం

నేను హెబ్బగోడిలోని ఒక చిన్న బడిలో రెండో తరగతి టీచర్‌ని. పిల్లలకు తమ పనులు తామే చేసుకోవడం అలవాటు కావాలని, ఒక వారమంతా రోజుకొకరి చేతికి హాజరు పుస్తకం ఇచ్చి ఒంటరిగా ఆఫీసుకు పంపాను. గురువారం లావణ్య వంతు. బాత్రూముకు కూడా తోడు లేనిదే వెళ్లని పిల్ల.

పది నిమిషాలైనా తిరిగి రాలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, "ఎవరూ రాలేదు మిస్" అన్నారు. గాభరాగా, బడి వెనక నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో పరుగెత్తాను. ట్యాంకర్ వాళ్లు పొద్దున్నే వచ్చి నింపి, నేలలోని నీళ్ల సంపుకు మూత వేయకుండానే వెళ్లిపోయారు. దాని అంచున మా హాజరు పుస్తకం ఉంది. మోకాళ్ల మీద కూలబడి లోపలికి చూశాను. నల్లటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంకాస్త ముందుకు వంగాను.

"అట్ల వంగొద్దు మిస్, పడిపోతారు."

తిరిగి చూస్తే, వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని లావణ్య నిలబడి ఉంది.

"మూత తీసే ఉండాది మిస్. అంకుల్‌ని పిలుచుకొచ్చేదానికి పోతిని. చిన్న పిల్లోల్లు వస్తారేమోనని పుస్తకం అడ్డం పెట్టినాను."

పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చేశాను. ఆ దారిన పొద్దుటి నుంచి పెద్దవాళ్లం ఎందరమో నడిచాం. ఆగి చూసింది మాత్రం ఆ ఏడేళ్ల పిల్ల ఒక్కతే.