వంకర అక్షరాల గోలీసోడా సీసా

కలకత్తాలో అంత తెలివిగా బేరమాడి అంత చక్కగా నష్టపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. మా దుకాణదారుల ఇళ్లలో కొనే సరుకును ముందు తిట్టిపోయడం అలవాటు. మెటియాబ్రుజ్ పేటలోని పాతసామాన్ల కొట్లో ఒక గోలీసోడా సీసా కనిపించింది. గాజు మీద ఉబ్బెత్తు అక్షరాల్లో ఒకటి పెద్దది, ఒకటి వంకరది. అంటే అచ్చును చేత్తో చెక్కిన పాతరోజులది, విలువైనది. తర్వాతి సీసాల మీద అక్షరాలు తీరుగా ఉంటాయి. కొట్టాయనతో మాత్రం, "దాదా, ఈ వంకరంతా ఈమధ్య పనివాళ్లదే," అని దబాయించి, నలభై రూపాయలన్నదాన్ని పన్నెండుకి దించాను.

వారం తర్వాత దాన్ని కలకత్తాలోనే ఉంటూ సీసాలు సేకరించే మా శ్రీకాకుళం పెద్దాయనకి అమ్మబోయాను.

"ఏటి బాబూ, నాకే కొత్తది అంటగడతావేటి? వంకర అక్షరాలు ఈమధ్యవేనట. ఎవరో మన తెలుగాయన, సీసాల నిపుణుడట, మెటియాబ్రుజ్ కొట్లో చెప్పాడట."

"ఆ నిపుణుడు నేనేనండి. బేరం కోసం అబద్ధమాడాను."

"మరిప్పుడు చేస్తున్నదేటి, బేరం కాదేటి?"

కొట్టాయన ఊళ్లో సీసాలు కొనే అందరికీ ఆ మాట చెప్పేశాడు కాబట్టి, పెద్దాయన ఇచ్చిన ఎనిమిదీ తీసుకున్నాను. సీసాకి పన్నెండు, బస్సుకి రెండు, ఆయన్ని మెత్తబరచడానికి పట్టుకెళ్లిన బెంగాలీ మిఠాయి సందేశ్‌కి ఆరు. మొత్తం ఖర్చు ఇరవై, వచ్చింది ఎనిమిది, నష్టం పన్నెండు.