నేను దిద్దిన కొమ్ము

ఆ రోజుల్లో నాకు కవిత్వం తెలుసనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తికాకుండానే మనసు చివుక్కుమంటుంది. తెలుగు ఎమ్మే అవగానే కొత్తపేట దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో మాస్టారిగా చేరాను. జేబులో ఎర్ర పెన్ను, బుర్ర నిండా అలంకారాలు, వయసుకి మించిన పెద్దరికం. నోరు తెరిస్తే ఉపమానాలు దొర్లేవి. పిల్లలు నాకు 'చందమామ మాస్టారు' అని పేరు పెట్టారు. (అది గౌరవమనుకుని ఏడాది పాటు మురిసిపోయాను. నేను ఏ వస్తువునైనా చందమామతో పోలుస్తానని పెట్టారని తర్వాత తెలిసింది.)

ఆ శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. నది మధ్య లంకల్లో ఇళ్ళు మునిగాయి. నీళ్ళు తగ్గి స్కూలు తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక పని చెప్పాను. తమకు ఎదురైన ఒక జంతువు మీద కవిత రాయాలి, బాగున్న రెండింటిని హెచ్చెమ్ గారు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. వచ్చిన కాగితాల్లో చివరికి రెండు మిగిలాయి. ఒకటి డాక్టరు గారబ్బాయి రాసిన నెమలి. పురి విప్పింది, నాట్యమాడింది, మేఘాన్ని పిలిచింది, ప్రతి పాదానికీ ప్రాస కుదిరింది. (మా కొబ్బరితోటల్లో నెమలి నీకెక్కడ ఎదురైందిరా అని నేను అడగలేదు.) రెండోది క్లాసులో అందరూ లంకపిల్ల అని పిలిచే అమ్మాయి రాసింది. అది గేదె.

"పలుపు విప్పేం. వెళ్ళమన్నాం. వెళ్ళలేదు. మెడ దాకా నీళ్ళొచ్చినా డాబా మీదున్న మా వంకే చూసింది. తెల్లారి చూస్తే లేదు. ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంటుంది. నుదుట తెల్ల మచ్చ. గౌరీ అంటే తల తిప్పుతుంది." కవితంతా ఇంతే.

నేను బోర్డు మీద నిలువు గీత గీసి రెండు కవితల్నీ పోల్చాను. నెమలి వైపు అలంకారం, లయ, భావుకత అని రాశాను. గేదె వైపు రాయడానికేమీ దొరక్క "నిజాయితీ" అని రాసి ఊరుకున్నాను. నెమలికి మొదటి స్థానం, గేదెకి రెండో స్థానం. అంతటితో ఆగినా బాగుండేది. లంకపిల్ల మీద జాలితో ఆ కవితకి కాస్త మెరుగు పెట్టాను. వంగిన కొమ్ము "నెలవంకల జంట" అయింది. తెల్ల మచ్చ "వెన్నెల బొట్టు" అయింది. గౌరిని తీసేసి "ఓ కరుణామయీ" అని పెట్టాను. గేదెని కరుణామయీ అని పిలిచినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. శుక్రవారం సాయంత్రం అది గ్రూపులోకి వెళ్ళింది. పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

సోమవారం లంకపిల్ల స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"కొమ్ము మార్చేసేరేంటండి?"

"అందం కోసమమ్మా."

"అందం కోసం రాయలేదండి. దిగువ ఊళ్ళోళ్ళు కూడా గ్రూపులో ఉన్నారు కదండీ. మా గౌరి ఎవరికన్నా దొరికితే చూసి చెప్తారని రాసేనండి. నాన్న రెండ్రోజులు తిరిగేడండి, దొరకలేదు. ఇప్పుడలా ఉంటే ఎవరూ గుర్తుపట్టరండి."

"ఆ సంగతి విడిగా నోటీసులా రాయొచ్చు కదా?"

"మీరు కవితే రాయమన్నారు కదండీ."

ఆ సాయంత్రమే అసలు కవిత గ్రూపులో పెట్టించాల్సింది. పెట్టించలేదు. అంతమంది మెచ్చుకున్నదాన్ని నేనే తప్పుగా దిద్దానని ఎలా చెప్పను? హెచ్చెమ్ గారు ఏమనుకుంటారు? ఇలా ఆరు రోజులు నా పరువుని నేనే మోసుకు తిరిగాను. ఆ పిల్ల రోజూ క్లాసులో నా వంక చూసేది, నేను కిటికీ వంక చూసేవాణ్ణి.

ఆదివారం ఇక ఉండబట్టక ఆ పిల్ల రాసిన అసలు కాగితం జేబులో పెట్టుకుని, బండి మీద ఏటిగట్టు వెంట దిగువకి బయల్దేరాను. ఊరూరా ఆగి కవిత చదివాను. ఒకచోట టీ కొట్టు దగ్గర పెద్దాయన శ్రద్ధగా విని, "పద్యం బాగుందండి మాస్టారూ. గేదె మాత్రం ఇటు రాలేదండి" అన్నాడు. ఇంకోచోట నన్ను పశువుల బేరగాడనుకుని ఒక ముసలి ఎద్దుని చూపించారు.

సముద్రం ఇంకాస్త దూరముందనగా ఒక ఊళ్ళో, పశువుల పాక ముందు గడ్డి కోస్తున్న ఒక రైతు నేను చదువుతుండగా సగంలోనే తలెత్తాడు. వాళ్ళబ్బాయి మా స్కూల్లోనే ఆరో తరగతి.

"ఎడమ కొమ్ము కిందికా అండి? వరదలో ఒడ్డెక్కిందండి. మా పాకలోనే కట్టేసి మేపేం. ఎవరైనా వస్తారని చూసేమండి. గ్రూపులో గేదె పద్యం వస్తే ఇదేనేమో అనుకున్నామండి. కానీ నెలవంకల జంట అన్నారు కదండీ, దీనికి ఒక కొమ్ము వంకరాయె. ఇది కాదులే అని మొన్న గురువారం సంతకి తోలేసేమండి."

కొన్నదెవరని అడిగాను. ఆయన కొబ్బరి బొండం కొట్టి ఇచ్చాడు. సంతలో కొన్న బేరగాడు ఏ ఊరివాడో ఆయనకీ తెలియదు. సోమవారమే నేను ఆ కొమ్ముని తిరిగి వంచి ఉంటే గౌరి ఇల్లు చేరేది.

మర్నాడు లంకపిల్లకి గౌరి జాడ తెలిసిందని చెప్పాను.

"అయితే ఒడ్డెక్కిందాండి?"

"ఎక్కిందమ్మా."

"మేత పెట్టేరాండి?"

"పచ్చగడ్డి పెట్టారట. ఎవరూ రాకపోయేసరికి సంతకి తోలేశారు."

"ఆయ్," అంది. "వాళ్ళు గ్రూపు చూడలేదాండి?" అని అడిగింది.

"చూడలేదమ్మా," అన్నాను.

ఎన్నో కవితలకి మార్కులు వేసిన నేను ఆ ఒక్క అబద్ధానికి ఎన్ని వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ పిల్ల పదో తరగతి పాసై వెళ్ళిపోయింది. నాకు జుట్టు పలచబడింది, కళ్ళజోడు వచ్చింది, చందమామ మీద మోజు తగ్గింది. అయినా దారిలో గేదెల మంద ఎదురైతే బండి దానంతటదే ఆగుతుంది. మొన్న అమలాపురం వెళుతుంటే అలాగే ఆపి, ఒక్కొక్కదాని నుదురూ కొమ్మూ చూస్తూ ఉండిపోయాను. వెనక కూర్చున్న మా ఆవిడ, "ఇన్నేళ్ళ కాపురంలో నన్నెప్పుడైనా ఇంత పరీక్షగా చూసేరా?" అంది. నవ్వాను. చివరి గేదె కూడా దాటిపోయాక బండి స్టార్ట్ చేశాను.