మిరప కల్లంలో మబ్బు పటం

మా తమ్ముడు రమణ ఒక సెల్‌ఫోన్ కంపెనీలో ఇంజనీరు. ఫోన్‌లోనే ఇంటర్నెట్ వచ్చే ఏర్పాటు చేయడానికి నాలుగు నెలలుగా తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మకాం వేశాడు. "సర్వీసు మొదలైపోయిందక్కా, ఒకసారి వచ్చి చూడు. ఇక్కడి పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడతారు" అని మూడుసార్లు ఫోన్ చేశాడు. గుంటూరు దగ్గర హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా భూగోళం చెబుతున్న నాకు సిగ్నళ్ళ గొడవ మీద ఏ ఆసక్తీ లేదు. ఆ తెలుగు వినాలన్న సరదా మాత్రం ఉంది. 2006 వేసవి సెలవులు ఇవ్వగానే బయలుదేరాను.

చెన్నై ఎగ్మూర్‌లో రాత్రి బండి ఎక్కితే ఉదయం ఏడున్నరకు కోవిల్‌పట్టిలో దింపింది. వెళ్ళదలచిన వాళ్ళు టికెట్ ముందుగా తీసుకోవడం మంచిది. నేను బద్ధకించి బాత్రూము పక్కన బెర్తుతో సరిపెట్టుకున్నాను. ఎదుటి బెర్తులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ ఉంది. నేను తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడటం విని నవ్వింది. "మీరు మాట్లాడేది టీవీలో వచ్చే తెలుగు మాదిరి ఉండాది. మాది ఇంట్లో తెలుగు. వాకిలి దాటితే అరవమే" అంది. చదవడం వచ్చా అని అడిగితే, తెలుగు రాత ఎట్లా ఉంటుందో చూడనే లేదంది.

బస్టాండు దగ్గర లాడ్జిలో గది దొరికింది. గది చిన్నది, ఫ్యాను మాత్రం ఆరోగ్యంగా ఉంది. ఇడ్లీ తిని, వేరుశెనగ అచ్చులు అరకిలో కట్టించుకుని, తొమ్మిదీ నలభైకి రమణతో టౌన్ బస్సు ఎక్కాను. టికెట్ నాలుగు రూపాయలు. దారి పొడవునా నల్లరేగడి. అగ్గిపుల్లల షెడ్ల ముందు మందు అద్దిన పుల్లల చట్రాలు వరసగా ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. ఈ ఊళ్ళ బతుకంతా ఎండతోనే ముడిపడి ఉందని అప్పుడే అర్థమైంది.

రమణ నన్ను తీసుకెళ్ళింది గోవిందమ్మ ఇంటికి. యాభై దాటిన మనిషి, భర్త పోయాక సేద్యం తనే చూసుకుంటోంది. కంపెనీ టవరు నిలబెట్టింది ఆవిడ చేని గట్టునే. మజ్జిగ ఇచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "రాండి టీచరమ్మా, కూచోండి. ఈ కంబం మా చేన్లో నాలుగు నెల్లుగా నిలిచుండాది. ఏం పని చేస్తాదో ఒకరూ చెప్పలే" అంది. నా తమ్ముడు నేల చూపులు చూశాడు.

ఇంటి వెనక కల్లం నిండా గుండ్రటి మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఏడు ఎండలు పడ్డాయట, ఇంకో రెండు పడితే ఆరినట్టు. నేను మిరప దేశం నుంచే వచ్చాను కాబట్టి ఆవిడ ముఖంలో కంగారు ఎందుకో వేరే చెప్పనక్కరలేకపోయింది. నెత్తిన ఎండ ఉంది కానీ గాలి ఆగిపోయింది, పడమటి అంచు మసకగా ఉంది. ముందురోజు సాత్తూరు వైపు వాన కొట్టిందట. పరిచి ఉండగా వాన పడితే కాయ మచ్చలు పట్టి తాలైపోతుంది. భయపడి పచ్చి మీదే కుప్ప పోసి కప్పితే ఉక్కకు చెమర్చి కుళ్ళిపోతుంది. ఏడాది కష్టమంతా ఆ కల్లంలోనే ఉంది, ఏదో ఒకటి ఆ పూటే తేల్చుకోవాలి.

"ఉండండి, మబ్బులు చూద్దాం" అని రమణ ఫోన్ తీశాడు. వాతావరణ శాఖ పెట్టే ఉపగ్రహ చిత్రం. అగ్గిపెట్టెంత తెర మీద అది పైనుంచి కిందికి గీత గీతగా దిగడం మొదలైంది. ముందు కాశ్మీరు వచ్చింది. రెండు నిమిషాలకు ఢిల్లీ. గోవిందమ్మ, ఆవిడ బావగారు రామసామి, మిరపకాయలు కలియబెడుతున్న నలుగురు ఆడవాళ్ళు, అందరం ఆ ఫోన్ చుట్టూ తలలు ఆనించి నిలబడ్డాం. మా కోస్తా దిగింది, చెన్నై దిగింది, తిరుచ్చి దిగింది. మధురై దగ్గర ఆగిపోయింది. "మన ఊరికి ముందు నిలిచిపోయె. బస్సు మాదిరే" అన్నారు రామసామి.

నేను మాత్రం తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఇన్నేళ్ళూ ఈ చిత్రాన్ని పాఠ్యపుస్తకంలో చూపించాను. అచ్చులో మసిబారి, ఏ ఏడాదిదో తెలియని బొమ్మ అది. ఇదేమో ఇప్పటిది. నా నెత్తి మీద ఉన్న ఆకాశం, తమ్ముడి అరచేతిలోకి దిగుతోంది.

పదకొండున్నరకు మిగిలింది కూడా వచ్చింది. కోవిల్‌పట్టి ఉండాల్సిన చోటంతా నల్లగా ఉంది. పడమటి కొండల మీద గోరంత తెల్లటి ముద్ద. రామసామి గారు ఒక్కసారి వెనక్కి జరిగారు. "నెత్తి మీద అంతా కర్రిగుండాది సూడు. కర్రి మోడం. కుప్ప పోసేయండి, నేరం లేదు." కర్రి మోడమంటే నల్లమబ్బు, నేరమంటే సమయం. ఆయన మాట పూర్తికాకుండానే ఆడవాళ్ళు పారలు అందుకున్నారు. కల్లం ఒక మూల నుంచి కాయలు పోగుపడటం మొదలైంది.

నాకు వాళ్ళ పొరపాటు అర్థం కావడానికి నిమిషం పట్టింది. నేల మీద నిలబడి చూసేవాళ్ళకు వానమబ్బు నల్లగానే కదా ఉంటుంది. ఎదుట ఎండ కాస్తున్నా, రాబోయే వానను పటం ముందే చూపిందనుకున్నారు. "ఆగండి, ఆగండి" అని అడ్డుపడ్డాను. "ఇది పైనుంచి తీసింది. పైనుంచి చూస్తే మబ్బు తెల్లగా ఉంటుంది. నల్లగా కనిపించేది ఖాళీ ఆకాశం." పరాయి ఊరి పంతులమ్మ మాట నమ్మి ఎవరు కల్లం వదిలేస్తారు? పారలు ఆగాయి కానీ కింద పెట్టలేదు.

గోవిందమ్మ తెల్ల ముద్దను గోటితో తాకింది. "ఇది ఏ ఊరు?" రమణ లెక్కగట్టి వత్రాప్ అన్నాడు. కొండ కింది ఊరు. "అక్కడ మా చెల్లెలుండాది. దాన్నే అడగతాం." అదే ఫోన్‌లో నంబరు కలిపారు. కాల్ కలవగానే పటం మాయమైంది. అప్పట్లో ఒకటుంటే రెండోది ఉండేది కాదు. చెల్లెలి గొంతు అందరికీ వినిపించింది. "ఇక్కడ పొద్దు పోయినట్టు చీకటిగుండాది అక్కా. చినుకులు పడతా ఉండాయి. నీకెట్ల తెలిసె?"

గోవిందమ్మ ఫోన్ తిరిగి ఇచ్చి, చాలాసేపు పైకి చూసింది. "అట్లయితే ఇన్ని దినాలు మేము మోడం కడుపే చూస్తిమి. వీపు తెల్లగుంటాదా" అంది. ఏ తరగతి గదిలోనూ ఆ పాఠం అంత బాగా ఎవరూ నాకు అప్పజెప్పలేదు.

పన్నెండున్నరకు కొత్త చిత్రం వచ్చింది. తెల్ల ముద్ద పెద్దదై కొంచెం తూర్పుకు జరిగింది. ఇప్పుడు రామసామి గారు కూడా కళ్ళజోడు తెచ్చుకున్నారు. వత్రాప్ వాన తమ ఊరికి ఎంతసేపట్లో వస్తుందో ఆ అక్కచెల్లెళ్ళకు చిన్నప్పటి నుంచి తెలుసు. "పొద్దు వాలినాకే వస్తాది. మూడు దాకా ఎండనీ. అప్పుడు తీస్తాం" అని గోవిందమ్మ తేల్చేసింది. భోజనం మధ్యలో రెండుసార్లు లేచి పడమర చూసి వచ్చాను. మబ్బు తొందరపడితే ఆ పాపం నా నోటిదే. మూడింటికి అందరం కాయలు ఎత్తడానికి దిగాం, నేనూ బుట్ట మోశాను. నాలుగుంబావుకు వాన కొట్టింది. కాయ ఒక్కటి కూడా తడవలేదు.

మర్నాడు కల్లం ఊడ్చి మళ్ళీ పరిచారు. ఆకాశం మాట నిలబెట్టుకుంది. నాలుగోరోజు పొద్దున బస్తాలతో పాటే వ్యాన్‌లో విరుదునగర్ వెళ్ళాను. నా చెన్నై బండి కూడా అక్కడే ఎక్కాలి. మిరప మండీలో వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. ఆ పొద్దున వచ్చిన చాలా బస్తాల్లో మచ్చకాయ ఉంది. గోవిందమ్మ కాయలు గలగలమన్నాయి. "మీ పక్కం వాన లేదా?" అని అరవంలో అడిగాడాయన. "ఉండె" అంది ఆవిడ, అంతే.

స్టేషన్‌కు గోవిందమ్మ నాతో వచ్చింది. బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

"టీచరమ్మా, ఆ పటం మనం చూస్తేనే వస్తాదా, చూడకపోయినా వస్తాదా?"

"చూడకపోయినా వస్తుందక్కా. పైనుంచి తీస్తూనే ఉంటారు."

"ఎన్నేండ్లుగా?"

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోంచి. ఇరవై ఏళ్ళు దాటింది."

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మా ఆయన ఉండంగ, పదైదు ఏండ్ల ముందు, కల్లమంతా వానలో పోయె. కుప్ప పోస్తామనె ఆయన. ఇంకొక్క ఎండ పడనీమంటిని నేను. ఇన్నేండ్లుగా నా తప్పే అనుకుంటా ఉండా. ఆ పొద్దు కూడా పైన ఆ పటం ఉండెనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "ఉంది అక్కా."

"ఒకరూ మాకు చూపలే" అంది గోవిందమ్మ. గొంతులో కోపం లేదు.

బండి వచ్చింది, ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుంటే చీకటిపడే దాకా రేగడి చేలే కనిపించాయి. ఈ యాత్రలో నేను చూసిన వింత ఏమిటని ఎవరైనా అడిగితే, ఆకాశం ఒక పల్లె కల్లంలోకి దిగడం చూశానని చెబుతాను. అంత గొప్ప సంగతి నేను మళ్ళీ చూస్తానో లేదో తెలియదు. కానీ ఆ రైల్లో నన్ను కూర్చోనివ్వనిది వేరే ఉంది. మా బడి చుట్టూ కూడా మిరప కల్లాలే. ఆ బొమ్మ ఉన్న పేజీ తెరిపించి, తెల్లది మేఘం, నల్లది ఖాళీ ఆకాశం అని రాయించి, ఇరవై రెండేళ్ళు మార్కులు వేశాను. మీ కల్లం ఏమైందని ఏ పిల్లనూ అడగలేదు. చూపించని వాళ్ళలో నేనూ ఉన్నాను.