తొక్కు జాడీల పక్కన ఊరిన సీసా

నేను చెప్పే సంగతుల్లో నిజాలు తక్కువని మా అత్తగారి ఊరంతా ఎప్పుడో తీర్మానించింది. మోత్కూర్ దగ్గరున్న ఆ ఊళ్లో మా మామ కల్లు కోసం తాటిచెట్లు గీస్తాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడే. పిల్లనిచ్చి రెండోసారి మామయ్యాడు. పొద్దున ఆయన కల్లు లొట్లు దించి, అందరూ కూర్చుని తాగే మండువకు తెచ్చేసరికి ఊళ్లో పనున్నవాళ్లూ లేనివాళ్లూ అక్కడ చేరి ఉంటారు. నేను సెలవు మీద వెళ్లినప్పుడల్లా వాళ్లకు కథలు చెప్పే పని నాది. మాదీ గీసే వంశమే గానీ, అందులో తాడెక్కని మొదటివాణ్ని నేను. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా మా ఆవిడ కింద నిలబడి నా కాళ్లు పట్టుకోవాలి. అందుకే మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా, నేల మీద నిలబడి చేసే పని చూసుకున్నాను.

మండువలో బాగా నడిచిన కథ బర్రె కథ. ఫ్యాక్టరీ పక్కన మేసి ఇంటికి వస్తున్న బర్రె మీద దారిలో వాన పడింది. ఒంటిమీది సిమెంటు దుమ్మంతా గడ్డకట్టి, కొట్టం చేరేసరికి అది బొమ్మైపోయింది. నేనే సుత్తీ ఉలీ పట్టుకుని పొద్దుగూకేదాకా పెంకు ఊడగొట్టాను. ఆ పూట అర లీటరు పాలు ఎక్కువిచ్చింది. అర లీటరు అన్నది కొంచెం ఎక్కువేమో గానీ, మిగతా ముచ్చట నేను వెనక్కి తీసుకోను.

ఇక సీసా సంగతి. ఇది మాత్రం నిజం.

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మా ఫ్యాక్టరీలో పెద్ద గేరుపెట్టె ఒకటి మొరాయించింది. దాన్ని బాగుచేయడానికి బెల్జియం నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. పొడుగ్గా, మన ఎండకు పండుమిరపలా తయారైన మనిషి. నెల రోజులు ఆయనకు పానాలూ బోల్టులూ అందించాను. ఒక ఆదివారం మామ దగ్గరికి తీసుకెళ్లి తాటికల్లు తాగించాను. తాటాకు రేకను రెండు చేతులా పట్టుకుని, మోచేతుల దాకా కార్చుకుంటూ తాగి, ఇది ఎన్నాళ్లు నిలవుంటుందని అడిగాడు. ఆ మాట తెలుగులో చెబితే మామ పగలబడి నవ్వాడు.

"మాపటిదాక ఉంటె గొప్ప అని చెప్పు."

వెళ్లిపోయే రోజు ఇంజినీరు తన పెట్టెలోంచి నల్లటి లావుపాటి సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మూతికి బిరడా, బిరడా మీద ఇనుప తీగ అల్లిక, ఒంటికి ఎర్రటి కాగితం. వాళ్ల దేశపు ముదురు బీరట. మామూలు బీరుకు రెండింతల కైపట. ఇప్పుడు తాగినా బాగుంటుందట, ఐదేళ్లు దాచి తాగితే ఇంకా బాగుంటుందట. చల్లని చీకట్లో నిలబెట్టాలి, వేడీ వెలుతురూ తగలకూడదు. నాది ఫ్యాక్టరీ ఇంగ్లీషే గానీ, ఆ మాటలు మూడుసార్లు చెప్పించుకున్నాను.

మా క్వార్టరులో చల్లని చీకటి ఉన్నది ఫ్రిజ్జులోనే. అక్కడ పెడితే నా మీద నాకే నమ్మకం లేదు. అందుకని సీసాను అత్తగారింటికి మోసుకెళ్లాను. మట్టిగోడల పాత మిద్దె. లోపలి అర్రలో నడివేసవిలోనూ కాళ్లకు చలి తగులుతుంది. దారిలో మండువ దగ్గర ఆగి అందరికీ చూపించడమే నేను చేసిన పొరపాటు.

"బీరును ఐదేండ్లు దాస్తవా?" అన్నాడు మామ.

"చీకట్ల దాస్తెనే రుచి, మామా."

"పొద్దటి కల్లు మాపటికి పులుస్తది. ఎల్లుండికి బర్రె గూడ మూతి పెట్టది. ఐదేండ్లకు నీ బీరు ఏమైతదిరా అల్లుడా?"

"గడ్డకడ్తది బావా," అన్నాడు రిటైరైన బస్సు కండక్టరు. మండువలో రోజూ ముందు కూర్చునేది ఆయనే. "సుత్తి తెచ్చుకోవాలె."

అందరూ నవ్వారు. జీవితంలో ఒక్కసారి నిజం చెబితే ఇదా మర్యాద అని నాకు రోషం వచ్చింది. మామ అదే అదనుగా పందెం కట్టాడు.

"ఐదేండ్లకు ఈడనే ఇప్పుదాం. మంచిగుంటె, మా అల్లుడు జిందగీల ఒక్క నిజం చెప్పిండని నలుగుర్ల నేనే అంట. కరాబైతె ఏడాది పొడుగున నువ్వు ఈ మండువల ముచ్చట చెప్పొద్దు. నోరు కల్లు తాగెటందుకే తెర్వాలె."

కథ లేకుండా నాకు కల్లు గొంతు దిగదు. ఏడాదంటే మాటలా? అయినా సరేనన్నాను.

అత్త ఆ సీసాను అర్రలో మామిడి తొక్కు జాడీల పక్కన నిలబెట్టి, జాడీలకు కట్టినట్టే దాని మూతికీ తెల్లగుడ్డ వాసెన కట్టింది. తడి చేతులతో ఆ గడప దాటే హక్కు ఎవరికీ లేదు. వెళ్లినప్పుడల్లా ఇవతలి నుంచే అడిగేవాణ్ని.

"అత్తా, ఎట్లున్నది?"

"ఊరుతాంది."

అట్లా ఐదేళ్లు ఊరింది. గేరుపెట్టె మళ్లీ రెండుసార్లు మొరాయించింది. నా మీసంలో తెలుపు దిగింది. మామ మాత్రం నేను కనబడగానే, "ఏమాయె, ఇంక ఎన్ని దినాలుందిరా నీకు మాట్లాడెటందుకు?" అని అడగడం మానలేదు.

గడువు నిండిన ఏడు, ఎండలు ముదరకముందు, ఒక పొద్దున మండువ కిటకిటలాడింది. మా ఆవిడ స్టీలు గ్లాసులు తెచ్చింది. అత్త సీసాను పసిపిల్లలా ఒడిలో పెట్టుకుని వచ్చింది. వాసెన విప్పి చూద్దును గదా, ఎర్రటి కాగితం పాలిపోయి తెల్లబారి ఉంది. చీకట్లో ఉన్న కాగితం అట్లా కాకూడదు.

"అత్తా, గీ కాగితం గిట్ల ఎలిసిపోయిందేంది?"

"ఎండకు ఎలిసిపోదా?"

"ఎండెక్కడిది?"

"ఏటేటా తొక్కుకు ఎండ చూపియ్యనా? దీన్నొక్కదాన్ని అర్రల ఇడ్సిపెడ్తనా? మిద్దె మీద రెండు దినాలు పెట్టి తెచ్చేదాన్ని. లేకుంటె బూజు పట్టకపోవునా?"

నేల మీద నిలబడి ఉండగా కళ్లు తిరగడం నాకు అదే మొదటిసారి. ఐదు ఎండాకాలాలు! మిద్దె మీద! ఆ ఇంజినీరు వింటే గుండె పట్టుకుని కూలబడేవాడు.

మామ తొడ చరిచాడు. "ఇగ ఏడాది మౌనమే, అల్లుడా!"

"ఎండ సంగతి పందెంల లేదు గదా," అని నేను గొణిగితే, "చీకటి సంగతి గూడ లేదు. ఇప్పు," అన్నాడు కండక్టరు.

తీగ తిప్పి తీశాను. బిరడా మీద బొటనవేలు పెట్టానో లేదో ఢామ్మని లేచింది. మామ భుజాన ఉన్న, చెట్టెక్కే మోకును రాసుకుంటూ పోయి, తాటి మట్టల్లో కాకులను లేపి, ఎటుపోయిందో నేటికీ తెలియదు. ఆ పూట మోత్కూర్ బస్టాండులో ఒకాయన నెత్తిమీద ఏదో పడిందని విన్నాను. అది ఇదేనని నేను అనను.

బిరడా వెనకే లేత బెల్లపు రంగు నురగ పొంగి సీసా మెడ మీదుగా కారింది. మామ నవ్వు అక్కడ ఆగిపోయింది. చచ్చిన కల్లుకు నురగ రాదని ఆయనకు చెప్పాల్సిన పనిలేదు. సీసా తీసుకుని మొదటి చుక్కలు ఎల్లమ్మ తల్లికని నేల మీద ఒంపాడు. తనకు మాత్రం గ్లాసు వద్దని రేక పట్టాడు.

చింతపండు పులుసంత నలుపు. గ్లాసు ఎండకు పడితే అంచుల్లో దానిమ్మ గింజ ఎరుపు. ముక్కు దగ్గరికి తెస్తే ముందు మాడిన బెల్లం, దాని వెనక ఖర్జూరం, ఎక్కడో దూరంగా లవంగం. నోట్లో పోసుకుంటే బీరులా గడగడా జారిపోలేదు. నాలుక మీద పీట వేసుకుని కూర్చుంది. తియ్యగా మొదలై, నడుమ ఈతపండు వగరు చూపించి, కాఫీ గింజ కొరికినంత చేదు వదిలి మెల్లగా దిగింది. దిగాక ఎదలో ఎవరో చిన్న కుంపటి రాజేసినట్టు.  

మొదట అత్తే మాట్లాడింది. ఒక్క గుటక మింగి, పెదాలు తుడుచుకుని, "ఎండ మంచిగ తాకింది," అంది.

ఇక అందరి చూపులూ మామ మీదే.

"చెప్పు బావా, ఎట్లుంది?" అన్నాడు కండక్టరు.

మామ రేక అడుగుదాకా తాగాడు. మీసం తుడిచాడు. "చీకట్ల పెడ్తెనే మంచిగైతదన్నడు గదా వీడు? ఎండల పెట్టినా మంచిగైంది. అంటె వీడు చెప్పింది అబద్ధమే!"

మండువ గొల్లుమంది.  నిజాన్ని అట్లా అబద్ధంగా తిప్పడం నలభై ఏళ్లు దాటినా నాకు చేతకాని ఒడుపు.

ఉక్రోషంతో సీసాలో మిగిలింది నా గ్లాసులోకి వంచబోతే, మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. కదపకు."

సీసాను ఎండకెత్తి చూశాడు. అడుగున వేలెడు మందం మడ్డి. అప్పుడే దించిన తియ్యటి కల్లు కొంచెం అందులో పోసి, మెల్లగా తిప్పి, మడ్డితో సహా ఒక కొత్త లొట్టిలోకి ఒంపుకున్నాడు. మండువలో ఉన్న అందరికీ ఆ పని అర్థం తెలుసు. పాడైన కల్లు మడ్డిని మామ కడిగి పారేస్తాడు. బాగా కుదిరిన కల్లు మడ్డినే మరునాటి కల్లుకు తోడుగా దాస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ చేతులు ఈ విషయంలో అబద్ధమాడలేదు.

"నోటితోని అనకున్నా చేతితోని అన్నడు," అని కండక్టరు తీర్పు చెప్పాడు. "అల్లుడు గెల్సిండు."

మామ మోకు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా, "ఆ బర్రె ముచ్చట మల్ల చెప్పు. పోయినపారి సగంల లేసిపోయిన," అన్నాడు.

చెప్పాను. ఈసారి లీటరు పాలిచ్చింది.

మరునాటి లొట్టిలో ఖర్జూరం వాసన వచ్చిందని నేను, రాలేదని మా ఆవిడ. అది తేలలేదు. కానీ ఇప్పుడు ఆ మండువకు కొత్తవాళ్లు ఎవరొచ్చినా మామే సీసా కథ ఎత్తుకుంటాడు. మొన్న వెళ్లేసరికి సీసా మోకాలెత్తు అయింది. పన్నెండేళ్లు ఊరింది. బిరడా వంద కిలోమీటర్ల అవతల జడ్చర్లలో దొరికింది.

"ఐదేండ్లే గదా, మామా," అన్నాను, ఉండబట్టలేక.

"నడుమ మాట్లాడకు. ముచ్చట చెప్పుడు నీకు రాదు."

పందెం ఓడినవాడిలా నోరు మూసుకుని రేక ముందుకు చాపాను. జడ్చర్లలో ఆ బిరడా ఎవరికి దొరికిందో నాకూ వినాలనే ఉంది.